వాలు

పాత థియేటర్లో నేల కిటికీ వైపు వాలి ఉండేది.
పెద్ద భూకంపానికి వాలిందని కొందరు,
కాదు, తాగొచ్చిన మేస్త్రీ కట్టాడని ఎర్మోహెనెస్.
ట్రాలీని వదిలేస్తే
తనంతట తానే వాన చూడ్డానికి వెళ్లేది.
దాని ముందు చక్రం కింద నాలుగు మడతల గుడ్డ.
ఎవరు మొదలుపెట్టారో తెలీదు.
పందొమ్మిదేళ్లు, ఎవరూ చెప్పకుండా
ఎవరో ఒకరు పెట్టేవారు.

మార్చిలో ఉత్తర్వు వచ్చింది.
నది అవతలి కొత్త ఆసుపత్రికి
అనుభవమున్న జట్టును యథాతథంగా తరలించవలెను.
కింద పదకొండు పేర్లు.
మూడోది నాది: ఎదువీహిస్ పాయియాన్, పరికరాల నర్సు.
'యథాతథంగా' దగ్గర ఆగి
డాక్టర్ ష్వెంకె కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
"మనల్ని గుడ్ల బుట్ట అనుకున్నారు."

సర్దడం తేలికే.
కత్తెరలు, పట్టకార్లు, ఎముక రంపం ఒకటి,
దాని పిడి మీద ఎప్పుడో పోయిన సర్జన్
గీసుకున్న పొడి అక్షరాలు.
డబ్బా డబ్బాకీ ఎర్రసిరాతో రాశాను.
రాయడానికి రానివి మిగిలాయి.
ష్వెంకె గొంతు సవరించుకుంటే సన్నదారం,
లేకపోతే లావుది.
మత్తు డాక్టరు ఒటిలియా కూనిరాగం ఆపిందంటే
రక్తపోటు పడిపోతోందని,
మిషను మోగడానికి ఒక ఊపిరి ముందు.
బెలిసారియోది ఎడమచేతి వాటం,
అతనికి కత్తెర అందించేటప్పుడు
నా మణికట్టు దగ్గర నేను వేరే మనిషిని.
వీటిని ఏ డబ్బాలో పెట్టను?

లారీ వెనక మా వ్యాను. వంతెన మీద వాన.
వల్దీవియాలో వానకి సెలవుండదు.
చేపల సంత మెట్ల మీద సముద్ర సింహాలు
తలెత్తి చూసి మళ్లీ పడుకున్నాయి.
వాటిని కదిలించమని ఎవరూ ఉత్తర్వు రాయలేదు.

కొత్త థియేటర్లో నేల పలకలా చదును.
కిటికీ లేదు. వాన పడుతోందో లేదో ఎవర్నైనా అడగాలి.
సాధన కోసం బల్ల మీద
రోగికి బదులు బంగాళదుంపల బస్తా.
ఒటిలియా దానికి పేరు పెట్టింది, దోన్యా రుదెసిందా.
ఆరు రోజులు రుదెసిందాని కోసి కుట్టాం.
చెయ్యి చాపితే, కత్తెర ఉండాల్సిన చోట గాలి.
ముగ్గురం ఒకే మూలకి తిరిగి మోచేతులు కొట్టుకున్నాం.
మా నడకలోనే వాలు ఉందని
చదునులో నిలబడ్డాకే తెలిసింది.

ఏడో రోజు నిజం మనిషి.
పడవలకి తారు పూసే ముసలాయన, పేగులో గడ్డ.
రెండో గంటలో
కూనిరాగం ఆగింది.
ఎవరూ తలెత్తలేదు.
ష్వెంకె అడక్కముందే క్లాంపు అతని చేతిలో ఉంది,
బెలిసారియో వేళ్లు అప్పటికే నరం మీద.
ఆ కాసేపు మాకు గోడలు లేవు, ఊరు లేదు.
అంతలో రక్తం లాగే గొట్టం గరగరమని నిలిచిపోయింది.
సీసా నిండింది.
మేమందరం ఎదురుచూశాం,
ఎదురుచూస్తున్నామని కూడా తెలియకుండా.
సీసా దానంతటదే మారుతుందిగా, ఎప్పుడూ.

తలుపు దగ్గర కాంట్రాక్టు కంపెనీ కుర్రాడు
"నేనా?" అన్నాడు.

ముసలాయన బతికాడు. ఆ మాట ముందే చెప్పాల్సింది.

మర్నాడు వంతెన దాటి వెనక్కి వెళ్లాను.
ఖాళీ థియేటర్ని ఎర్మోహెనెస్ తుడుస్తున్నాడు,
శుక్రవారం దాకా జీతం ఉంది కనక.
బకెట్టు చక్రం కింద నాలుగు మడతల గుడ్డ.
నేను దాన్ని చూడ్డం చూసి
"ఎంతమంది ఉన్నారు లిస్టులో?" అన్నాడు.
చెప్పాను.
వేళ్ల మీద లెక్కపెట్టి, తల ఊపి,
తుడవడం ఆపకుండానే అన్నాడు:
"సీసా నిండాక మార్చకూడదు.
ఆవిడ పాట ఆగగానే మార్చాలి. ఆ అబ్బాయికి చెప్పు."

చెప్పాను.
కుర్రాడు జేబులోంచి పెన్ను తీశాడు.
రాసుకోకు, అన్నాను.
ఇలా వచ్చి నిలబడు.
ఒటిలియా పాడుతోంది, విను.